శవం లేని నవల

తప్పు నాదే.
ఆ రోజు ఫియర్డ్ నీళ్లు మా పుస్తకాల పడవని
చేటలో బియ్యంలా చెరిగిపారేశాయి.
అరల తాళ్లు తెగాయి. చీటీలు ఊడాయి.
గ్రోహోల్మెన్ రేవులో చీకట్లో, చేతులు కొంకర్లు పోతుండగా
ఓద్వార్ కట్ట మాగ్నిల్‌కీ
మాగ్నిల్ కట్ట ఓద్వార్‌కీ అందించి
వానలో పడి వచ్చేశాను.
మళ్లీ ఆ దీవికి పడవ ఆరు వారాలకి గాని రాదు.

ఓద్వార్ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు.
హత్యలు తప్ప ఇంకేం చదవడు.
మూడో పేజీకల్లా ఒకడు పోవాలి.
లేకపోతే అది నవల కాదు, ఉత్తరం అంటాడు.

మాగ్నిల్ ఎండుచేపల గిడ్డంగిలో లెక్కలు రాస్తుంది.
ఆఖరి పేజీ తిప్పి
పెళ్లి ఉందని చూసుకున్నాకే
పుస్తకానికి సంతకం పెడుతుంది.

డిసెంబరు. సూర్యుడు కొండ వెనకే ముసుగుతన్ని పడుకున్న నెల.

తిరిగి వెళ్లేసరికి రేవు మెట్ల మీదే ఉన్నాడు ఓద్వార్.
పలకరింపు లేదు.
"ఎవడూ చావలేదు" అన్నాడు.
"నూట పన్నెండో పేజీలో ఆవిడ బంగాళాదుంపలు చెక్కుతోంది.
చేతిలో కత్తి. ఎదురుగా మొగుడు.
ఇదిగో, ఇప్పుడే, అనుకున్నాను.
చెక్కు తీసి, కత్తి కడిగి, సొరుగులో పెట్టేసింది!"

మానేయకపోయారా అన్నాను.

"ఎలా మానను?
వాడి కోటు జేబులో టికెట్టు దొరికిందిగా.
చూసి, మళ్లీ ఆ జేబులోనే పెట్టింది.
ఎందుకు పెట్టింది?"

ఆధారాలు రాసుకున్నాడట. చూపించాడు.
ఇంజన్ ఆయిలు మరకల కాగితం.
1. టికెట్టు.
2. రెండు కప్పులు కడిగింది, ఒకటే బోర్లించింది.
3. పాట ఆపేసింది.
కింద, పెన్సిలు విరిగేంత గట్టిగా:
నేరం ఏమిటో తెలీదు. జరిగిన మాట నిజం.

కాగితం మడిచి పుస్తకంలో పెడుతూ
నీళ్లకేసి చూశాడు.
"మా తూరున్ కూడా వంటింట్లో పాడేది.
ఎప్పుడు ఆపిందో నాకు తెలీదు.
ఇంజన్ చప్పుడు రవ్వంత మారితే
నిద్రలో లేచి కూర్చుంటాను నేను."

మాగ్నిల్ పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చింది.
ఆవిడ కోపం వేరు.
"పోయినవాడి గురించి ఎవరికీ పట్టదేం?
చుట్టూ సుద్దగీత గీశారు, బూట్లు కొలిచారు,
అతని బల్ల దగ్గరే కూర్చుని కాఫీ తాగారు.
కుక్కకి తిండెవరు పెట్టారు?
మూడొందల పేజీల్లో ఒక్క మనిషి ఏడవలేదు."

చంపిందెవరో ముందే తెలుసుగా, ఆఖరి పేజీ చూసే ఉంటారు?

"చూశాను. అయినా చదివాను.
ఆ పుస్తకంలో అతనికి
ఎవరో ఒకరు తోడుండాలని."
గొంతు తగ్గించింది.
"ఒక కొవ్వొత్తి కూడా వెలిగించాను, కాగితం మనిషికి.
నవ్వకు."

నేను నవ్వలేదు.
హత్యలకి ఎర్ర చుక్క, ప్రేమలకి నీలం చుక్క
అట్టల మీద అంటించేది నేనే.
ఆ ఎర్ర చుక్క నవల నేనూ చదివాను.
కుక్క నాకు గుర్తే లేదు.

"ఈసారి పెళ్లిళ్లే ఇవ్వు" అని కచ్చితంగా చెప్పి వెళ్లిపోయింది మాగ్నిల్.
ఓద్వార్ మాత్రం నసిగాడు.
"శవం ఉన్నదే ఇవ్వు. కాకపోతే...
ఇంటి దగ్గర ఎవరైనా ఎదురుచూస్తుండే శవం."

పాఠకులు వదిలేసిన కాగితాలు తీసేయాలి. నిబంధన.
తీయలేదు.
తర్వాత ఆ నవల పక్క దీవి పాస్టరు గారి కట్టలోకి వెళ్లింది.
ఆయన ప్రసంగాలు తప్ప ముట్టరు.
ఈసారి తప్పు పొరపాటున చేసింది కాదు.

మంచు కరిగాక తిరిగొచ్చింది.
ఆయిలు మరక పక్కన
సన్నటి నల్ల సిరా, గుండ్రటి అక్షరాలు:
4. కత్తిని రెండుసార్లు కడిగింది.